‘ఇంకా రెడీ కాలేదు’ అనే గడి: ఒక అమెరికా గూడ్స్ యార్డులో ట్రైనింగ్ గొడవ

ఆ ఆఫీసులో నా ముందు మొదట పెట్టినవి ట్రైనీల టాస్క్ కార్డులు. ఒక్కో కార్డు రెండు పేజీలు, మొత్తం 41 పనులు. చేతి బ్రేకు బిగించడం, పట్టాల దారి మళ్లించే స్విచ్ మార్చడం, వ్యాగన్లను కలిపే కప్లర్ నకిల్ (కొక్కెం) తెరవడం, బ్రేకులకు గాలి అందించే ఎయిర్ హోస్ కలపడం, రేడియోలో దూరం చెబుతూ బండిని వెనక్కి తోయించడం, ఇలా. ప్రతి పనికీ ఎదురుగా రెండు గళ్లు: ‘వచ్చింది’, ‘రాలేదు’. గడిచిన ఐదు నెలల్లో ట్రైనింగ్ ముగించిన వాళ్ల కార్డులన్నీ తిరగేశాను. ‘రాలేదు’ గడిలో ఒక్కటంటే ఒక్క టిక్కు లేదు. చాలా కార్డుల్లో 41 సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే తేదీన పెట్టినవి. పై వరుసల్లో పేరు చదవగలిగేలా ఉంది, కిందికి వచ్చేసరికి వట్టి గీత.

ఈ కేసు రాస్తున్నది ఆ ఖాళీ గడి గురించే. యాజమాన్యం, యూనియన్ రెండూ కలిసి నన్ను బయటి మనిషిగా పిలిచాయి. ఫీజు చెరిసగం ఇవ్వాలన్న షరతు నేనే పెట్టాను, ఎందుకంటే ఒకరి డబ్బుతో వచ్చిన మనిషిని రెండోవాళ్లు నమ్మరు. కంపెనీ పేరు, రాష్ట్రం, మనుషుల ఆనవాళ్లు ఇక్కడ ఉండవు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని చిన్న వివరాలు మార్చాను. తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఆలోచన మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను.

నేపథ్యం

అమెరికా గూడ్స్ రైల్లో కండక్టర్ అంటే టికెట్లు చూసే మనిషి కాదు. బండి నడిపేది ఇంజనీర్. నేల మీదికి దిగి వ్యాగన్లు కలిపేది, విడదీసేది, స్విచ్‌లు మార్చేది, బండి వెనక్కి పోతుంటే రేడియోలో ఇంజనీర్‌కి కళ్లుగా ఉండేది కండక్టర్. చక్రానికీ ఒంటికీ మధ్య దూరం అందరికంటే తక్కువ ఉండేది ఈ ఉద్యోగంలోనే.

2022లో, రైల్ కంపెనీల వ్యాపారాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుకు చైర్మన్‌గా ఉన్న మార్టిన్ ఓబర్‌మన్, పెద్ద రైల్ కంపెనీలు అంతకుముందు ఆరేళ్లలో సుమారు 29 శాతం మంది సిబ్బందిని తగ్గించుకున్నాయని బహిరంగంగానే చెప్పారు. మా యార్డు అంత పెద్ద కంపెనీది కాదు, కానీ అదే గాలి ఇక్కడా వీచింది. ముందు మనుషులను తగ్గించారు. తర్వాత సరుకు పెరిగింది, బండ్లు ఆలస్యమయ్యాయి, కస్టమర్లు గోల పెట్టారు, అప్పుడు హడావిడిగా కొత్తవాళ్లను తీసుకున్నారు. ఫలితంగా యార్డులో పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు, పాతిక రోజుల అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. మధ్యలో ఉండాల్సిన వాళ్లు లేరు. మామూలుగా కొత్తవాడికి నేర్పేది ఐదారేళ్ల అనుభవం ఉన్న మనిషే. తను తడబడిన రోజులు ఇంకా గుర్తుంటాయి కాబట్టి ఓపిగ్గా చెబుతాడు. ఆ వరుస మొత్తం ఖాళీ.

చట్టం సంగతి కొంత చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. 2008 నాటి రైల్ భద్రతా చట్టం శిక్షణకు కనీస ప్రమాణాలు పెట్టమంది. దాని ప్రకారం, రైల్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ 2014 నవంబరులో నిబంధన తెచ్చింది. కంపెనీ తన ట్రైనింగ్ కార్యక్రమాన్ని రాసి సమర్పించాలి, ఒక కాపీ యూనియన్ అధ్యక్షుడికి పంపాలి, పని మీద నేర్పే భాగాన్ని పనుల వారీగా విడగొట్టి చూపాలి. ఎన్ని వారాలు నేర్పాలన్నది మాత్రం ఆ నిబంధన చెప్పదు. గొడవంతా ఆ చెప్పని చోటే పుట్టింది.

ఇంకో రెండు పాత చట్టాలు ఈ కథలో ప్రతి మలుపులోనూ ఉంటాయి. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ వల్ల రైల్ కార్మికులు అనుకున్న రోజున సమ్మెకు దిగలేరు. ఉన్న కాంట్రాక్టుకు అర్థం ఏమిటన్న తగాదా అయితే అది ఆర్బిట్రేషన్‌కే పోవాలి. కొత్త షరతులు కావాలంటే సుదీర్ఘమైన మధ్యవర్తిత్వం. అంటే ట్రైనింగ్ మీద కోపం వచ్చినా దాన్ని తేల్చుకునే దగ్గరి దారి లేదు. రెండోది 1908 నాటి ఫెడరల్ ఎంప్లాయర్స్ లయబిలిటీ యాక్ట్. మిగతా పరిశ్రమల్లో గాయపడితే తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా పరిహారం వస్తుంది. రైల్ కార్మికుడు మాత్రం కంపెనీ నిర్లక్ష్యం ఉందని చూపించాలి. కాబట్టి ‘ట్రైనింగ్ సరిగా లేదు’ అన్న ఒక్క వాక్యం ఎక్కడైనా కాగితం మీద ఉంటే అది రేపు కోర్టులో సాక్ష్యం.

గొడవ ఎలా బయటపడింది

రాత్రి రెండున్నర. ఏడో వారంలో ఉన్న ట్రైనీ ఎయిర్ హోస్ కలపడానికి రెండు వ్యాగన్ల మధ్యకు అడుగు పెట్టాడు. అలా వెళ్లే ముందు రేడియోలో ‘త్రీ స్టెప్’ అడగాలి. అప్పుడు ఇంజనీర్ బ్రేకు వేసి, బండి దిశ మార్చే రివర్సర్‌ను మధ్యకు తెచ్చి, మోటార్లకు కరెంటు అందించే జనరేటర్ ఫీల్డ్ స్విచ్ ఆపి, మూడూ అయ్యాయని తిరిగి చెప్పాలి. ఆ జవాబు చెవిన పడ్డాకే మనిషి లోపలికి. ట్రైనీ అడగలేదు. ఆరు వ్యాగన్ల అవతల ఉన్న కోచ్, అంటే అతనికి పని నేర్పుతున్న సీనియర్ కండక్టర్, పని అయిపోయిందనుకుని ఇంజనీర్‌ను ముందుకు రమ్మన్నాడు.

గూడ్స్ బండి కదిలేటప్పుడు అంతా ఒక్కసారే కదలదు. కప్లర్ల మధ్య ఉండే వదులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ, టక్, టక్, టక్ మని చప్పుడు మీదికి వస్తుంది. ట్రైనీ ఆ చప్పుడు విని వెనక్కి దూకాడు. గ్లోవ్ హోస్‌కి చిక్కుకుని అక్కడే వేలాడింది. చెయ్యి బయటికి వచ్చేసింది.

అతని కార్డు తీసి చూశారు. ‘వ్యాగన్ల మధ్యకు వెళ్లే ముందు రక్షణ’ అన్న వరుసలో ‘వచ్చింది’ అని మూడు వారాల కిందటే సంతకం ఉంది.

యాజమాన్యం కోచ్‌కి విచారణ నోటీసు ఇచ్చింది. యూనియన్ లోకల్ చైర్మన్ సీనియర్లకు ఒక మాట చెప్పాడు: “ఇక ఎవరూ ట్రైనీని తీసుకోవద్దు, తీసుకుంటే మీ సర్టిఫికెట్ మీరే పణంగా పెట్టుకున్నట్టు.” ఆ భయం ఉత్తిది కాదు. 2012 నుంచి అమెరికాలో కండక్టర్లకు కూడా సర్టిఫికేషన్ ఉంది. కొన్ని రకాల తప్పులకు మొదటిసారే 30 రోజులు సర్టిఫికెట్ పోతుంది, అన్ని రోజులు పని ఉండదు. రెండు వారాల్లో కోచ్‌ల సంఖ్య 19 నుంచి 4కి పడిపోయింది. ఇది కావాలని పని ఆపడమేనని, కోర్టుకు వెళతామని యాజమాన్యం లేఖ రాసింది. ట్రైనింగ్ 9 వారాలు చాలని ఒక పక్క, 16 వారాలు ఉండాలని ఇంకో పక్క పట్టు పట్టాయి.

నేను చేరిన రోజు రెండు పక్షాలూ నాకు చెప్పిన పని ఒక్కటే: 9కీ 16కీ మధ్య ఒక అంకె తేల్చండి.

నేను ఒప్పుకోలేదు. అది నా మొదటి నిర్ణయం, చాలా కోపం తెప్పించింది కూడా. నా ఆలోచన ఇది. అబద్ధపు కార్డు 9 వారాల తర్వాత వచ్చినా 16 వారాల తర్వాత వచ్చినా అబద్ధపు కార్డే. పదహారు వారాల చివర కూడా 41 టిక్కులే ఉంటే ఏడు వారాల జీతం అదనంగా ఖర్చయింది తప్ప ఆ ట్రైనీ చెయ్యి గురించి మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ముందు కార్డు ఎందుకు నిజం చెప్పడం లేదో తెలియాలి.

చేసి చూసినవి, పని చేయనివి

నేను రాకముందే రెండు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది కంప్యూటర్ పాఠాలు. వ్యాగన్ల మధ్యకు వెళ్లడం మీద 40 నిమిషాల వీడియో, చివర్లో పది ప్రశ్నలు. అందరికీ తొంభైకి పైగా మార్కులు. నేను ఒక ట్రైనీని త్రీ స్టెప్ అంటే ఏమిటని అడిగితే మూడు అంచెలూ గడగడా అప్పజెప్పాడు. అదే రాత్రి యార్డులో అతని వెనక నడిచాను. ఒక చేతిలో లాంతరు, ఇంకో చేతిలో రేడియో, వాన, గ్లోవ్ తడిసి రేడియో బటన్ జారిపోతోంది. ఇంజనీర్ ఇంకో ట్రాక్ వాళ్లతో మాట్లాడుతున్నాడు, ఛానల్ ఖాళీ లేదు. రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి అడగకుండానే లోపలికి వంగబోయాడు. అతనికి నియమం తెలుసు. ఛానల్ ఖాళీ లేనప్పుడు నిలబడి ఎదురుచూడటం మాత్రం ఎవరూ నేర్పలేదు.

రెండోది తనిఖీలు పెంచడం. నియమాలు పాటిస్తున్నారో లేదో సూపర్‌వైజర్లు యార్డులో పరీక్షించాలని ఫెడరల్ నిబంధనే చెబుతుంది. అందులో తప్పు లేదు. ఇక్కడ మాత్రం సూపర్‌వైజర్లు కారు లైట్లు ఆపి వ్యాగన్ల చాటున కూర్చునేవాళ్లు. నెలకు ఇన్ని తప్పులు పట్టాలన్న ఒత్తిడి వాళ్ల మీదా ఉంది. కొన్నాళ్లకి సిబ్బంది రేడియోలో ఒక మామూలు మాటను సంకేతంగా వాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట వినపడితే అందరూ నియమం ప్రకారం నడుస్తారు, కారు వెళ్లిపోగానే పాత పద్ధతి. ట్రైనీలు మొదటి వారంలో గట్టిగా నేర్చుకున్న పాఠం ఆ సంకేతమే.

నేను వచ్చాక జాయింట్ కమిటీ పెట్టాం. నలుగురు అటు, నలుగురు ఇటు, నెలకు రెండుసార్లు, ఆఫీసులో. మూడో సమావేశంతో అది ఆగిపోయింది. ‘ప్రస్తుత శిక్షణలో లోపాలు ఉన్నాయని కమిటీ గుర్తించింది’ అని మినిట్స్‌లో రాశాం. మర్నాడు కంపెనీ న్యాయ విభాగం ఆ వాక్యం కొట్టేసి పంపింది. యూనియన్ వాళ్లు దాన్ని మోసంగా చూశారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత 1908 చట్టం కోణంలో ఆలోచిస్తే ఆ లాయర్ తన పని తాను చేసింది. తప్పు నాది. ఒప్పుకోలు వాక్యం రాయకుండా నిజం మాట్లాడుకునే చోటు ముందు తయారు చేయాలి, నేను మినిట్స్‌తో మొదలుపెట్టాను.

ఇంకో పొరపాటు కూడా నాదే. సీనియర్లు ట్రైనీలను తీసుకోకపోవడానికి డబ్బే కారణమనుకున్నాను. కోచ్‌గా చేసిన ప్రతి షిఫ్టుకీ అదనపు భత్యం ఇవ్వాలని సిఫారసు చేశాను, కంపెనీ ఒప్పుకుంది. కోచ్‌లు మళ్లీ 14కి పెరిగారు. నాకు సంతోషమైంది. నెల తర్వాత కార్డులు తెప్పించుకుని చూస్తే మళ్లీ అన్నీ ‘వచ్చింది’. భత్యం ఇచ్చి కోచ్‌లను తెచ్చాం, వాళ్ల సంతకం మాత్రం మారలేదు.

ఒక కాగితం ఎక్కడికి పోతుంది

దారి చూపించింది ఒక సీనియర్ కండక్టర్. లాకర్ గదిలో బూట్లు విప్పుకుంటున్నాడు. మీ ట్రైనీకి షవింగ్, అంటే బండిని వెనక్కి తోయించడం, ఇంకా సరిగా రాలేదని నాతో మీరే అన్నారు కదా, మరి ‘వచ్చింది’ అని ఎందుకు పెట్టారు అని అడిగాను. ఆయన తల ఎత్తకుండా అన్నాడు: “రాలేదని పెడితే ఆ కాగితం ఎక్కడికి పోతుందో మీరు చెప్పండి. మీరు చెబితే రేపటి నుంచి నిజమే రాస్తాను.”

నాకు తెలియదు. అందుకని కనుక్కోవడానికి వెళ్లాను. తర్వాతి కమిటీ సమావేశం పెట్టలేదు. దాని బదులు ఒక పెద్ద బల్ల మీద ఖాళీ కార్డు పెట్టి, అది ప్రయాణించే దారంతా చీటీలతో పేర్చమని రెండు పక్షాలవాళ్లనీ అడిగాను. కోచ్, ట్రైన్‌మాస్టర్ (యార్డులో పని నడిపించే అధికారి), ట్రైనింగ్ ఆఫీసు, మానవ వనరుల విభాగం, సూపరింటెండెంట్, గాయాల క్లెయిమ్ విభాగం, లాయర్. ఏడు చేతులు. ప్రతి చోటా ఒకే ప్రశ్న వేశాం: ఇక్కడ ‘రాలేదు’ అన్న టిక్కు కనిపిస్తే ఏమవుతుంది?

ట్రైన్‌మాస్టర్ దగ్గర అది కోచ్ సరిగా నేర్పలేదన్న అర్థం తీసుకుంటుంది. మానవ వనరుల దగ్గర అది ట్రైనీని ప్రొబేషన్‌లోనే పంపించేయడానికి కారణం అవుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడిని విచారణ లేకుండానే తీసేయొచ్చు. క్లెయిమ్ విభాగం దగ్గర అదే కాగితం గాయపడిన మనిషి మీద వాడతారు: నీకు రాదని నీకు ముందే తెలుసు కదా అని. లాయర్ దగ్గర అది కంపెనీ మీద వాడతారు: రాదని తెలిసి పంపారు కదా అని. చీటీలు పేర్చడం అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏడు చోట్లలో ఏ ఒక్క చోటా ‘రాలేదు’ అన్న టిక్కు వల్ల ఆ ట్రైనీకి ఇంకో రోజు నేర్పడం జరగదు. అందరూ ఎవరికి వారు తమను కాపాడుకునే పని చేస్తున్నారు. అందుకే అందరూ కలిసి ఒక అబద్ధపు కాగితం తయారు చేస్తున్నారు.

ఈ పని చేసి చూసే ముందు నేను రెండు నమూనాలు మనసులో పెట్టుకున్నాను. ఒకటి, 1998లో యార్డు షంటింగ్‌లో చనిపోతున్న వాళ్ల కేసులు పరిశీలించడానికి ప్రభుత్వం, యూనియన్లు, కంపెనీలు కలిసి పెట్టుకున్న బృందం. వాళ్లు చేసిన సూచనల్లో ఏడాది లోపు అనుభవం ఉన్నవాళ్ల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టమన్నది ఒకటి. కోర్టుల్లో కొట్టుకునే మనుషులే ఒక బల్ల దగ్గర కూర్చుని చావుల గురించి మాట్లాడగలిగారు. రెండోది, త్రుటిలో తప్పిన ప్రమాదాలను రహస్యంగా చెప్పుకునే కార్యక్రమం. అందులో నివేదికలు ముందు మూడో పక్షమైన నాసాకు వెళతాయి, పేర్లు తీసేశాకే మిగతా వాళ్లు చూస్తారు. ఆ కార్యక్రమంలో చేరాలని యూనియన్ అడిగింది. నేను వెంటనే వద్దన్నాను. దానికి పెద్ద ఒప్పందం కావాలి, నెలలు పడుతుంది, మన దగ్గర ఆ రాత్రే యార్డులో తిరుగుతున్న ట్రైనీలు ఉన్నారు. దాని మూల సూత్రం ఒక్కటి అరువు తెచ్చుకుందాం అన్నాను: నిజం చెప్పిన మనిషికి ఆ నిజం వల్ల దెబ్బ తగలకూడదు.

ఒప్పందంలో ఏం రాశాం

మూడు పేజీల లేఖ. అసలు విషయం కార్డులో చేసిన చిన్న మార్పు. ‘రాలేదు’ అన్న మాట తీసేశాం. ఆ మాటలో తీర్పు ఉంది. దాని బదులు ‘ఇంకా రెడీ కాలేదు’ అని పెట్టి, పక్కన కారణం రాసే చోటు ఇచ్చాం: చేసే అవకాశం రాలేదు, చూశాడు కానీ చేయలేదు, చేశాడు కానీ తడబడ్డాడు, చేయడానికి భయపడ్డాడు. నాలుగో కారణం పెట్టడానికి యాజమాన్యం అభ్యంతరం చెప్పింది, భయం అన్న మాట అధికారిక కాగితం మీద బాగుండదని. లోకల్ చైర్మన్ పట్టుబట్టాడు. అతను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది: భయపడే ట్రైనీ గురించి నాకు బెంగ లేదు, భయం దాచుకునేవాడి గురించే బెంగ.

‘ఇంకా రెడీ కాలేదు’ అన్న టిక్కు వల్ల కోచ్ మీద గానీ ట్రైనీ మీద గానీ చర్య ఉండదని రాశాం. కావాలని చేసిన ఉల్లంఘన, మత్తు, గాయం అయిన సందర్భాలు దీని కిందకు రావు. కార్డు ట్రైన్‌మాస్టర్‌కి పోదు, నేరుగా ట్రైనింగ్ ఆఫీసుకే పోతుంది, అక్కడ వారం లోపు ఆ పని మళ్లీ చేయించే షిఫ్టు వేయాలి. ట్రైనీ కారణం చెప్పకుండా ఒకసారి కోచ్‌ను మార్చుకోవచ్చు. చివరి ధృవీకరణ అధికారం మాత్రం కంపెనీదే. ఈ ఆఖరి అంశం మీద యూనియన్ సగం మనసుతో ఒప్పుకుంది, కానీ అది లేకపోతే యాజమాన్యం సంతకం పెట్టేది కాదు, చట్టం ముందు జవాబు చెప్పాల్సింది వాళ్లే కాబట్టి.

కష్టమంతా న్యాయ విభాగం దగ్గర. ఈ కార్డులు కోర్టుకు రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను ఆ హామీ అడగలేదు. లాయర్‌కి రెండు ఫైళ్లు చూపించాను. ఒకటి పాతది, 41 టిక్కులు, ఒకే తేదీ. రెండోది నేను నమూనాగా రాసింది, అందులో ఆరు చోట్ల ‘ఇంకా రెడీ కాలేదు’, కింద మళ్లీ నేర్పిన తేదీలు, తర్వాత ‘వచ్చింది’. ట్రైనీకి దెబ్బ తగిలి కేసు పడితే ఈ రెండింటిలో ఏ ఫైలు పట్టుకుని జ్యూరీ ముందు నిలబడతారని అడిగాను. ఆవిడ పాత ఫైలులో ఒకే పెన్నుతో పెట్టిన సంతకాల వైపు చాలాసేపు చూసింది. మర్నాడు లేఖకి రెండు చిన్న మార్పులతో ఆమోదం వచ్చింది.

లోకల్ చైర్మన్ పరిస్థితి ఇంకా సున్నితం. అతను ఎన్నికైన మనిషి, ఆరు నెలల్లో ఎన్నిక ఉంది. 16 వారాలు తెస్తానని మాట ఇచ్చి, వారాల అంకె లేని లేఖ తెస్తే అమ్ముడుపోయాడంటారు. దీని మీద నాతో మూడు గంటలు ఫోన్లో మాట్లాడాడు. చివరికి ఇలా కుదిరింది: కనీసం 9 వారాలు, గరిష్ఠం లేదు, 41 పనులూ నిజంగా పూర్తయితేనే ముగింపు. ఎంతో కొంత గెలిచామని ఇద్దరూ తమ వాళ్లకు చెప్పుకోగలిగారు. ఇలాంటి పనిలో ఎదుటివాడు తన మనుషుల దగ్గరికి తలెత్తుకుని వెళ్లేలా చూడటం ఒప్పందంలోని ఏ క్లాజు కంటే తక్కువ కాదని నా నమ్మకం.

కాదనడం నేర్పడం

2008 నుంచి ఫెడరల్ నిబంధనలో యార్డు సిబ్బందికి ఒక హక్కు ఉంది. తనకు ఇచ్చిన ఆదేశం నియమాలకు విరుద్ధమని నిజాయితీగా అనిపిస్తే ఆ పని చేయనని చెప్పవచ్చు, తేలే దాకా ఎవరూ బలవంతం చేయకూడదు. ట్రైనీలందరికీ ఆ పేజీ ఇచ్చారు, సంతకం తీసుకున్నారు. ఆ హక్కు ఎప్పుడైనా వాడారా అని విడివిడిగా అడిగితే ఒక్కరూ లేరు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు ట్రైన్‌మాస్టర్‌కి ఎదురు చెబుతాడని కాగితం అనుకుంటుంది, మనిషి అనుకోడు.

అందుకని క్లాసులో మొదటి రోజే ఒక అభ్యాసం పెట్టాం. నిజమైన ట్రైన్‌మాస్టరే వచ్చి, నిజమైన గొంతుతో, తప్పు ఆదేశం ఇవ్వాలి: వెనక చివర ఎవరూ చూడకుండా బండిని తోయించు, టైమ్ లేదు. ట్రైనీ కాదనాలి. మొదటి బ్యాచ్‌లో పదకొండు మందిలో ఏడుగురు సరేనన్నారు. అది అభ్యాసమని తెలిసి కూడా. ఆ ట్రైన్‌మాస్టర్ ముఖం వాడిపోయింది. తను ఇన్నేళ్లుగా ఇచ్చిన మామూలు ఆదేశాలకు ఎంతమంది ఇలాగే తల ఊపి ఉంటారో అప్పుడు తట్టిందని తర్వాత నాతో అన్నాడు. ఆ రోజు నుంచి అతను ఈ లేఖకు యాజమాన్యం వైపు గట్టి మద్దతుదారు అయ్యాడు. యూనియన్ వాళ్లు అతన్ని నమ్మడం కూడా అక్కడే మొదలైంది.

షిఫ్టు మారే సమయానికి కూడా కార్డులో ఒక వరుస చేర్చాం. ఇది 2016 ఏప్రిల్ 3 నాటి చెస్టర్ ప్రమాదం నుంచి తీసుకున్నది. పెన్సిల్వేనియాలోని ఆ ఊరి దగ్గర యామ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు ట్రాక్ మీదున్న బ్యాక్‌హోను (మట్టి తవ్వే యంత్రాన్ని) ఢీకొట్టి ఇద్దరు పనివాళ్లు చనిపోయారు. రాత్రి ఫోర్‌మన్ దిగిపోతూ, ఆ ట్రాక్ మీదికి రైళ్లు రాకుండా తీసుకున్న రక్షణ వదిలేశాడు, పగటి ఫోర్‌మన్ కొత్తగా తీసుకోలేదు, మధ్యలో పని ఆగలేదు. మన ట్రైనీలు కూడా షిఫ్టు మధ్యలో ఒక కోచ్ చేతి నుంచి ఇంకో కోచ్ చేతికి మారుతుంటారు. ఇప్పుడు ఆ మార్పు సమయంలో ట్రైనీయే నోరు తెరిచి చెప్పాలి: నాకు ఇవి వచ్చు, ఇవి ఇంకా రాలేదు.

ఏం మారింది

మొదటి రెండు నెలల్లో 60కి పైగా ‘ఇంకా రెడీ కాలేదు’ టిక్కులు వచ్చాయి. సూపరింటెండెంట్ కంగారు పడ్డాడు, ట్రైనింగ్ పాడైపోయిందని. ట్రైనింగ్ అలాగే ఉంది, ఇప్పుడు కనిపిస్తోంది అని నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. అందరినీ ఆశ్చర్యపరిచింది కారణాల లెక్క. సగం కంటే ఎక్కువ చోట్ల రాసిన కారణం ‘చేసే అవకాశం రాలేదు’. ట్రైనీలను ఎక్కువగా పగటి షిఫ్టులో వేస్తున్నారు, ఉద్యోగం వచ్చాక వాళ్లు చేసేది రాత్రి. వాలు ఉన్న ట్రాకులో చేతి బ్రేకులు సరిపోయాయో లేదో చూసుకునే పని కొందరు తొమ్మిది వారాల్లో ఒక్కసారి కూడా చేయలేదు. వారాల కోసం ఏడాదిగా జరిగిన తగాదాలో ఈ సంగతి ఒక్కసారి కూడా చర్చకు రాలేదు. షిఫ్టులు మార్చడానికి పెద్ద ఖర్చు కాలేదు.

ట్రైనింగ్ కాలం ఒక్కొక్కరికి ఒక్కోలా వచ్చింది. కొందరికి తొమ్మిది వారాలే, ఒకరికి పదిహేను. ఆ పదిహేను వారాల ట్రైనీ, గ్లోవ్ పోగొట్టుకున్న అబ్బాయే. అతన్ని తీసేయాలని మొదట్లో ఒత్తిడి వచ్చింది. అతని కొత్త కోచ్ కార్డులో రెండుసార్లు ‘చేయడానికి భయపడ్డాడు’ అని రాసి, మూడోసారి ‘త్రీ స్టెప్ జవాబు వచ్చేదాకా నాలుగు నిమిషాలు నిలబడ్డాడు, ఇంజనీర్ తిట్టినా కదలలేదు’ అని రాశాడు. కోచ్ మీద పెట్టిన విచారణను కంపెనీ హెచ్చరికతో ముగించింది.

తీరని సంగతి కూడా చెప్పాలి. చాటున కూర్చుని చేసే తనిఖీలు ఆగలేదు. అవి ఈ లేఖ పరిధిలో లేవు, ఆ విషయం ఎత్తితే మొత్తం లేఖ విరిగిపోతుందని భయపడి నేనే పక్కన పెట్టాను. ఆ నిర్ణయం సరైనదో కాదో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ట్రైనీలకు ఒక పక్క నిజం చెప్పమని నేర్పి, ఇంకో పక్క రేడియో సంకేతం వినేలా వదిలేశాం.

ఏడాదికి సూపరింటెండెంట్ మారాడు. లేఖను 30 రోజుల నోటీసుతో ఏ పక్షమైనా రద్దు చేసుకోవచ్చు. కొత్తాయన రద్దు చేయలేదు, కానీ మొదటి నెలలోనే ఒక చార్టు అడిగాడు: ఏ కోచ్ దగ్గర ఎన్ని ‘ఇంకా రెడీ కాలేదు’లు ఉన్నాయో పేర్లతో సహా. చెడు ఉద్దేశం లేదు, అతనికి అంకెలు ఇష్టం. లోకల్ చైర్మన్ నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. నేను ఆ ట్రైన్‌మాస్టర్‌కి చేశాను. మర్నాడు అతను కొత్త సూపరింటెండెంట్‌ను ఆ పాత బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఏడు చీటీలు మళ్లీ పేర్చి, చార్టు కోసం ఎనిమిదో చీటీ ఆయన చేతికే ఇచ్చి, దీన్ని ఎక్కడ పెట్టమంటారు అని అడిగాడట. ఆ నెల రిపోర్టులో చార్టు లేదు. నా కాంట్రాక్టు ఆ వారంతో ముగిసింది.